బార్డోలీ ఆకూ, నల్లని జుట్టూ

బార్డోలీ పేరు తెలుగువారికి స్వాతంత్ర్య పోరాటం పాఠాల్లో తగులుతుంది. చౌరీచౌరా తర్వాత, 1922 ఫిబ్రవరిలో, శాసనోల్లంఘనను ఆపేయాలని కాంగ్రెసు కార్యవర్గం తీర్మానించింది అక్కడే. 1928లో రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ వెంట నడిచి, పెంచిన శిస్తు కట్టకుండా నిలబడి గెలిచిందీ అక్కడే. సూరత్ నుంచి తూర్పుగా ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు వెళితే వచ్చే ఆ ఊరు ఇవాళ చెరకుకూ, సహకార చక్కెర ఫ్యాక్టరీకీ పేరుపడింది. అయితే మన దేశపు ముడిసరుకుల మీద సి.ఎస్.ఐ.ఆర్. ప్రచురించిన ‘వెల్త్ ఆఫ్ ఇండియా’ విజ్ఞాన సర్వస్వంలో 1962 నాటి సంపుటం తిరగేస్తే బార్డోలీకి ఇంకో గుర్తింపు కనిపిస్తుంది. దేశంలో గోరింట విస్తారంగా పండే చోట్లని చెబుతూ ఆ పుస్తకం రెండు ప్రాంతాల పేర్లు ప్రముఖంగా ఎత్తింది. ఒకటి ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్. రెండోది సూరత్ జిల్లాలోని బార్డోలీ, మఢీ.

ఇప్పుడు గోరింటాకు వ్యాపారానికి రాజస్థాన్‌లో పాలీ జిల్లాలోని సోజత్ కేంద్రం. 2021లో సోజత్ మెహందీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బార్డోలీ నుంచి సూరత్ వైపు బయలుదేరితే గోరింట తోటలకు బదులు, కడోదరా దాటుతూనే పాలియెస్టర్ చీరలకు రంగులు వేసే మిల్లులు ఎదురవుతాయి. సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నవారిలో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు చాలామంది ఉన్నారు. లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో వారి కుటుంబాలు స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది.

ఒక పక్క ఆకు రంగు, ఇంకో పక్క ఫ్యాక్టరీ రంగు. తెల్లవెంట్రుకలకు ఇంట్లో రంగు వేసుకునేవారి ముందున్నవి ఈ రెండు దారులే. చిక్కల్లా ఎక్కడంటే, కొట్లో దొరికే పొట్లాల్లో ఈ రెండూ కలిసిపోయాయి. పైన ఆకు బొమ్మ ఉన్నా లోపల ఫ్యాక్టరీ రంగు ఉండవచ్చు. ఏ రంగు వెంట్రుకలోకి ఎలా చేరుతుందో తెలిస్తే మాత్రం, వచ్చిన రంగునూ, పట్టిన సమయాన్నీ చూసి లోపల ఏముందో చాలావరకు పట్టుకోవచ్చు.

వెంట్రుక ఎందుకు నెరుస్తుంది

బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన పోగు. దానికి రంగు అమరేది చర్మం లోపల, కుదుట్లో. అక్కడి మెలనోసైట్ కణాలు మెలనిన్ తయారుచేసి, పెరుగుతున్న పోగులోకి పంపుతాయి. మెలనిన్ రెండు రకాలు. నలుపు, ముదురు గోధుమ ఛాయలు యూమెలనిన్ వల్ల వస్తాయి. ఎరుపు, పసుపు ఛాయలు ఫియోమెలనిన్ వల్ల.

తలమీది వెంట్రుక కొన్నేళ్ళు పెరిగి, రాలిపోయి, అదే కుదుట్లోంచి మళ్ళీ మొలుస్తుంది. అలా మొలిచిన ప్రతిసారీ రంగు కణాలు కొత్తగా తయారుకావాలి. వాటికి మూలకణాల నిల్వ ఒకటి కుదుట్లోనే ఉంటుంది. ఆ నిల్వ తరిగిపోతే తరువాతి విడత వెంట్రుక రంగు లేకుండానే మొలుస్తుంది. ఒక తెల్లవెంట్రుకను పీకితే చుట్టుపక్కలవి కూడా నెరుస్తాయన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. ఏ కుదురు నిల్వ దానిదే కాబట్టి అలా జరగదు. అయితే పీకిన చోట మళ్ళీ తెల్లదే వస్తుంది, పదేపదే పీకితే కుదురే పాడవుతుంది.

నెరుపు మీద ఇటీవలి పరిశోధనలు ఆసక్తి రేపుతున్నాయి. వెంట్రుకలో సహజంగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరిచే ఎంజైము తగ్గడంతో అది పేరుకుపోయి మెలనిన్ తయారీని అడ్డుకుంటోందని 2009లో బ్రిటన్, జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. జుట్టు నెరవడానికి సంబంధం ఉన్న ఐఆర్ఎఫ్4 అనే జన్యువును 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ బృందం గుర్తించింది. తీవ్రమైన ఒత్తిడిలో నరాల చివరలు వదిలే నారడ్రినలిన్ వల్ల మూలకణాలు ఒక్కసారిగా ఖర్చయిపోతున్నాయని 2020లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. మూలకణాలు ఉండీ, కుదుట్లో ఒకచోట ఇరుక్కుపోయి పని మానేస్తున్నాయని 2023లో న్యూయార్క్ పరిశోధకులు, అదీ ఎలుకల్లోనే, కనుగొన్నారు. తెల్లజుట్టును నమ్మకంగా నల్లబరిచే మందు వీటిలో దేనినుంచీ ఇంకా రాలేదు.

ఆసియావాసుల్లో పాతికేళ్ళలోపే జుట్టు నెరవడం మొదలైతే వైద్యులు దాన్ని బాలనెరుపుగా లెక్కిస్తారు. చాలామందికి అది తల్లిదండ్రుల నుంచి సంక్రమించేదే. కొందరిలో మాత్రం విటమిన్ బి12 లోపమో, థైరాయిడ్ జబ్బో వెనుక ఉంటుంది. చిన్న వయసులో రంగు డబ్బా కోసం వెతికే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆకులోని ఎరుపు

గోరింట శాస్త్రీయ నామం లాసోనియా ఇనెర్మిస్. దాని ఆకులోని రంగు పదార్థాన్ని లాసోన్ అంటారు. ఎండుటాకులో అది ఒకటి రెండు శాతానికి మించదు. పచ్చి ఆకులో అది చక్కెర అణువుతో ముడిపడి, రంగు బయటపడకుండా ఉంటుంది. ఆకును నూరి కాస్త పుల్లటి నీళ్ళతో కలిపితే ఆ ముడి విడిపోయి, గాలి సోకి లాసోన్ ఏర్పడుతుంది. గోరింటాకు పొడిలో నిమ్మరసమో, టీ డికాషనో, పెరుగో కలిపి కొన్ని గంటలు నాననివ్వడం వెనుక ఉన్న సంగతి ఇదే. మరిగే నీళ్ళు పోయడం వల్ల లాభం లేదు, గోరువెచ్చని నీళ్ళు చాలు.

లాసోన్ కెరటిన్‌తో నేరుగా రసాయన బంధం కలుపుకుంటుంది. అందువల్లే అది నాలుగు తలంట్లకు పోదు. వెంట్రుకకు పట్టాలంటే రెండు మూడు గంటలైనా కావాలి. కడిగిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులపాటు గాలి తగిలి రంగు ముదురుతూ ఉంటుంది.

అయితే లాసోన్ రంగు నారింజ కలిసిన ఎరుపు. వెంట్రుకలో ఉన్న నలుపును అది చెరపలేదు, లేని నలుపును తేలేదు. నల్లవెంట్రుక మీద పడితే ఎండలో మాత్రమే తెలిసే ఎర్రని మెరుపు వస్తుంది. తెల్లవెంట్రుక మీద పడితే ఉన్న రంగు ఉన్నట్టు నారింజగా బయటపడుతుంది. సగం నెరిసిన తలకు ఉత్త గోరింటాకు పెట్టినవారి జుట్టు ఎర్రగా, చారలు చారలుగా కనిపించడానికి కారణం ఇదే. శుద్ధమైన గోరింటాకు ఎంతసేపు ఉంచినా, ఎంత ఖరీదైనదైనా నలుపు ఇవ్వదు. ఈ అధ్యాయంలో గుర్తుపెట్టుకోవలసిన మొదటి నిజం ఇది.

గోరింటాకు చాలామందికి హాని చేయదు. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవారి సంగతి వేరు. లాసోన్ వారి ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేయగలదు. అలాంటి పసిపిల్లలకు గోరింటాకు పెట్టిన తర్వాత రక్తం విరిగి, కామెర్లు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇనుప మూకుడు చేసే పని

గోరింటాకును ఇనుప మూకుట్లో రాత్రంతా నానబెట్టడం, ఉసిరికపొడి కలపడం, చిక్కటి టీ డికాషన్ పోయడం మన ఇళ్ళలో పాత అలవాటు. టీలోనూ, ఉసిరికాయలోనూ, కరక్కాయలోనూ టానిన్లు ఉంటాయి. పులుపుకు మూకుట్లోని ఇనుము కొద్దిగా కరుగుతుంది. ఇనుమూ టానినూ కలిస్తే నలుపు పుడుతుంది. పాతకాలపు రాత సిరా తయారైంది ఈ పద్ధతిలోనే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నీటితో గీతలు గీస్తే, ఆ గీతలు గుడ్డ మీద నల్లగా తేలడం కూడా ఈ చర్య వల్లే.

ఈ విద్య ఎంత పాతదో వరాహమిహిరుడి బృహత్సంహిత చెబుతుంది. ఆరో శతాబ్దపు ఆ గ్రంథంలో సుగంధ ద్రవ్యాల ప్రకరణం తెల్లజుట్టుకు రంగు వేసే పద్ధతితోనే మొదలవుతుంది. ఆళ్ళ గింజలను పుల్లటి ద్రవంలో, ఇనుప పాత్రలో, ఇనుప రజనుతో కలిపి ఉడికించి, ఆ ముద్దను తలకు పట్టించి, పచ్చి ఆకులు కప్పి కొన్ని గంటలు ఉంచమంటాడు. అది తీసేశాక ఉసిరిక ముద్ద పట్టించి మళ్ళీ ఆకులు కప్పమంటాడు. ముందు ఇనుము, తర్వాత టానిన్. రసాయన సూత్రాలు రాయడం ఎవరికీ తెలియని రోజుల్లోనే వరుస సరిగ్గా కుదిరింది.

మూకుడు పద్ధతికి హద్దులున్నాయి. వచ్చే నలుపు పలచన, ఎరుపును కాస్త గోధుమ వైపు తిప్పగలదు తప్ప పూర్తిగా కప్పలేదు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఇనుము వంటి లోహ లవణాలు పట్టిన జుట్టు మీద పెరాక్సైడ్ ఉన్న హెయిర్ డై వేస్తే రెండూ కలబడి వేడి పుట్టవచ్చు, వెంట్రుక పెళుసై తెగవచ్చు. ఇన్నాళ్ళూ ఇలాంటి మిశ్రమం వాడి డై వైపు మళ్ళేవారు, రాలిన వెంట్రుకలు కొన్నింటి మీద ముందుగా వేసి చూడాలి.

గ్రీకులూ రోమన్లూ సున్నంతో సీసం సమ్మేళనాన్ని కలిపి జుట్టు నల్లబరిచేవారు. వెంట్రుకలోని గంధకంతో సీసం కలిసి, లోపలే లెడ్ సల్ఫైడ్ సూక్ష్మ స్ఫటికాలు ఏర్పడతాయని 2006లో ఫిలిప్ వాల్టర్ బృందం పారిస్‌లో చూపించింది. నలుపు చక్కగా వస్తుంది. సీసం విషమని తెలిశాక కూడా లెడ్ ఎసిటేట్ కలిసిన జుట్టు రంగులు అమెరికాలో అమ్ముడవుతూనే వచ్చాయి. వాటికి ఇచ్చిన అనుమతిని అక్కడి ఆహార, ఔషధ సంస్థ రద్దు చేసింది 2018లో.

నీలి పొడి

ఆకులతోనే నలుపు కావాలనుకునేవారికి దారి నీలిమొక్క. నెల్లూరు, కడప ప్రాంతాలు ఒకనాడు నీలిమందుకు పేరుమోసినవి. 1897లో జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని మార్కెట్లోకి దించాక మన నీలి సాగు కుదేలయింది. ఇప్పుడు నీలి ఆకు పొడి జుట్టు రంగుగా మళ్ళీ గిరాకీ తెచ్చుకుంది.

నీలి ఆకులో ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. నీళ్ళు తగిలితే ఆకులోని ఎంజైము దాన్ని విరిచి ఇండాక్సిల్‌గా మారుస్తుంది. ఇండాక్సిల్ గాలి సోకి నీలి అవుతుంది. నీలి నీటిలో కరగదు. గిన్నెలోనే నీలిగా మారిపోతే ఇక వెంట్రుకలోకి చొరబడదు. అందువల్ల నీలి పొడిని గోరింటాకులా రాత్రంతా నానబెడితే పని చెడుతుంది. గోరువెచ్చని నీళ్ళతో కలిపి, పది పదిహేను నిమిషాల్లో తలకు పట్టించాలి. ముందు గోరింటాకు పెట్టి కడిగి, తర్వాత నీలి పెట్టి గంటా గంటన్నర ఉంచితే, నారింజ మీద నీలం పడి ముదురు గోధుమ, నలుపు ఛాయలు వస్తాయి. మొత్తం కలిపి ఒక పూట పడుతుంది. ఆకు దారిలో నలుపు రావడానికి పట్టే సమయం ఇది. ఇది రెండో నిజం.

తారు నుంచి తల దాకా

1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియా మందు తయారుచేయబోయి ఊదారంగు కనుగొన్నాడు. బొగ్గు నుంచి దిగిన తారుతో వేలాది రంగులు చేయవచ్చని ప్రపంచానికి తెలిసిపోయింది. పెర్కిన్ గురువు హోఫ్‌మన్ వర్ణించిన పదార్థాల్లో ఒకటి పారాఫెనిలిన్‌డైఅమీన్. క్లుప్తంగా పీపీడీ. దానికి సొంతంగా చెప్పుకోదగ్గ రంగేమీ లేదు. పెరాక్సైడ్ తగిలితే మాత్రం ముదురు రంగుగా మారుతుంది. 1883 నాటికి ఫ్రాన్స్‌లో దాన్ని జుట్టు రంగుగా వాడేందుకు పేటెంటు వచ్చింది. 1907లో యూజీన్ షూలర్ అనే యువ రసాయనవేత్త పారిస్ క్షురకులకు తన రంగు అమ్మడం మొదలుపెట్టాడు. 1909లో అతను పెట్టిన కంపెనీయే తర్వాత లోరియల్ అయింది.

వెంట్రుకకు ఫ్యాక్టరీ రంగు వేయడంలో ఇబ్బంది ఏమిటో సూరత్ మిల్లులతో పోల్చి చూస్తే తెలుస్తుంది. పాలియెస్టర్ గుడ్డకు డిస్పర్స్ రంగులు ఎక్కించడానికి అక్కడ మూసిన యంత్రాల్లో, ఒత్తిడి కింద, నీటిని దాదాపు 130 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. ఆ వేడికి పోగు సడలి రంగు అణువు లోపలికి దూరుతుంది. తల అంత వేడి భరించదు. పెద్ద రంగు అణువు మామూలు వేడిలో వెంట్రుక లోపలికి పోదు. అందుకే రసాయనవేత్తలు తయారైన రంగును పంపడం మానేసి, చిన్న చిన్న ముడి అణువులను పంపి రంగును వెంట్రుక లోపలే తయారుచేసే దారి పట్టారు.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొలుసులతో ఉంటుంది. డైలోని అమోనియా, లేక దాని బదులు వాడే మరో క్షారం, ఆ పొలుసులను విప్పుతుంది. సందుల్లోంచి పీపీడీ, దానితో జతకట్టే రిసార్సినాల్ వంటి అణువులూ, పెరాక్సైడూ లోపలికి వెళ్తాయి. పెరాక్సైడ్ రెండు పనులు చేస్తుంది. మిగిలి ఉన్న మెలనిన్‌ను కొంత వెలిసిపోయేలా చేస్తుంది, పీపీడీని చురుకుగా మారుస్తుంది. చురుకైన పీపీడీ జత అణువులతో కలిసి పెద్ద రంగు అణువులవుతుంది. లోపలికి చిన్నగా వెళ్ళినవి పెద్దవై, బయటికి రాలేక చిక్కుకుపోతాయి. ఈ పనంతటికీ అరగంట చాలు. నలుపు అరగంటలో వచ్చిందంటే పని చేసింది ఈ పద్ధతే. ఇది మూడో నిజం.

గిన్నె, బ్రష్, గడియారం

ఈ సంగతులు తెలిస్తే డబ్బాలోని సూచనలన్నింటికీ అర్థం దొరుకుతుంది.

గిన్నె ప్లాస్టిక్‌దో గాజుదో ఉండాలి, ఎందుకంటే లోహం తగిలితే పెరాక్సైడ్ విరిగిపోతుంది. రెండు గొట్టాలూ కలిపిన వెంటనే వాడేయాలి, మిగిలింది దాచకూడదు. గిన్నెలోనే రంగు అణువులు పెద్దవైపోతే వెంట్రుకలోకి పోవు. పైగా మూత బిగించిన సీసాలో ఆక్సిజన్ పోగై అది పగలవచ్చు. కొన్ని రకాల పొడుల్లో ద్రవ పెరాక్సైడ్ విడిగా ఉండదు. నీళ్ళు పోస్తే పెరాక్సైడ్‌ను వదిలే పదార్థం ఆ పొడిలోనే కలిసి ఉంటుంది. నీళ్ళతో కలిపేదల్లా ఆకుపొడే అనుకోవడానికి వీల్లేదు.

రంగు వేసుకునే రోజు తలంటుకోనవసరం లేదు. మాడు మీది సహజమైన జిడ్డు కొంత రక్షణ ఇస్తుంది. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక వాజిలైన్ రాసుకుంటే చర్మానికి మరకలు పట్టవు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. కణతల దగ్గరి తెల్లవెంట్రుకలు మొండివి, వాటి పొలుసులు త్వరగా విప్పుకోవు. అందుకే బ్రష్ ముందు అక్కడికి వెళ్ళాలి. మాడు మీద పుండో గీతో ఉంటే అది మానేదాకా ఆగాలి. చెప్పిన సమయం దాటి ఉంచితే నలుపు పెరగదు, చర్మానికి మంట పెరుగుతుంది. రంగు తేల్చుకోలేనివారు కాటుక నలుపు కంటే ముదురు గోధుమ ఛాయ ఎంచుకుంటే కుదుళ్ళ దగ్గర తెలుపు మొలిచినప్పుడు తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించదు.

నల్ల హెన్నా పొట్లంలో ఏముంది

ఇప్పటికి మూడు నిజాలు చేతిలో ఉన్నాయి. ఉత్త గోరింటాకుకు నలుపు రాదు. నీలి కలిపితే వస్తుంది గాని ఒక పూట పడుతుంది. అరగంటలో వచ్చే నలుపు పీపీడీ పద్ధతిది. కాబట్టి ‘బ్లాక్ హెన్నా’, ‘కాలీ మెహందీ’ అని రాసి ఉన్న పొడి ఇరవై ముప్ఫై నిమిషాల్లో జుట్టును నల్లబరిస్తే, పొట్లం మీద ఎన్ని ఆకులు గీసినా, అందులో పీపీడీ గాని దాని బంధువు గాని ఉందనుకోవాలి. వెనక్కి తిప్పి సన్నని అక్షరాలు చదివితే చాలా పొట్లాల మీద ఆ పేరు అచ్చయి ఉంటుంది కూడా. ఉత్త గోరింటాకని అమ్మే కొన్ని పొడుల్లో రంగు ఎర్రగా, త్వరగా పండడానికి సోడియం పిక్రమేట్ కలుపుతారు.

పీపీడీ ఉండడమే నేరమని కాదు. దాన్ని తెలిసి, జాగ్రత్తలతో వాడినప్పుడు కోట్లాది మందికి ఏమీ కాలేదు. ప్రమాదం తెలియక వాడడంలో ఉంది. డై పడదని వైద్యులు చెప్పినవారు, ఆకుమందు కదా అని నల్ల హెన్నాకు మారి మళ్ళీ ఆసుపత్రికి రావడం చర్మవైద్యులు తరచూ చూసే విషయం.

పీపీడీ అలర్జీ మొదటిసారే బయటపడకపోవచ్చు. ఏళ్ళ తరబడి వాడిన మనిషికి ఒకనాడు హఠాత్తుగా మొదలవుతుంది. మాడు దురద, నుదురు, కనురెప్పలు వాచడం, రసి కారడం దాని లక్షణాలు. రంగు వేసుకున్న గంటల్లో కాక, ఒకటి రెండు రోజులకు వస్తుంది కనుక చాలామంది దానికీ డైకీ ముడిపెట్టరు. శరీరపు రక్షణ వ్యవస్థ ఒకసారి పీపీడీని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఇక జీవితాంతం మరవదు. 2006లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ‘ఈ ఏటి అలర్జీకారకం’గా ఎంపిక చేసింది పీపీడీనే. జుట్టు రంగులో ఇది వాడేటప్పటికి 2 శాతం మించకూడదని ఐరోపా సమాఖ్య నియమం. పండగలకూ తిరునాళ్ళకూ పిల్లల చేతుల మీద వేసే నల్ల హెన్నా బొమ్మల్లో అంతకు ఎన్నో రెట్లు దొరికింది. చిన్నప్పుడు ఆ బొమ్మ వేయించుకున్నవారికి పెద్దయ్యాక మొదటిసారి వేసిన డైతోనే ముఖమంతా వాచిపోవచ్చు.

అలర్జీ చీరల దాకా పాకవచ్చు. పాలియెస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగుల్లో కొన్నింటి నిర్మాణం పీపీడీకి దగ్గర. పీపీడీ పడనివారిలో కొందరికి ముదురు రంగు పాలియెస్టర్ జాకెట్టు ఒరుసుకునే చోట, చంకల అంచున, నడుము దగ్గర ఎర్రగా పొక్కుతుంది. చెమట పట్టే ఎండాకాలంలో ఇది ఎక్కువ.

ఈ ముప్పును పసిగట్టే సాధనం ఇంట్లోనే ఉంది. చెవి వెనకో, మోచేతి లోపలి మడతలోనో డబ్బాలో చెప్పినట్టు కొద్దిగా రాసి 48 గంటలు కనిపెట్టి చూడడం. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ డబ్బా వాడకూడదు. నిరుడు పడింది కదా అని ఈసారి మానేయకూడదు. ఇదివరకే ముఖం వాచినవారు మాత్రం ఇంట్లో ఈ పరీక్ష చేసుకోకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాలి.

హెచ్చరిక వెనకటి కథ

మన దేశంలో అమ్మే హెయిర్ డై మీద, కనురెప్పల వెంట్రుకలకు, కనుబొమలకు వాడితే చూపు పోవచ్చన్న హెచ్చరిక ఉండాలని 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనల్లోని 149వ నిబంధన చెప్పింది. ఆ వాక్యం వెనక నిజంగా చూపు కోల్పోయిన మనుషులున్నారు. 1930ల తొలినాళ్ళలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు అమ్మేవారు. అందులో పీపీడీ జాతి రసాయనం ఉండేది. వాడినవారిలో కొందరి కళ్ళు పుండ్లు పడ్డాయి, కొందరికి చూపు పోయింది, ఒకరు చనిపోయారు. సౌందర్య సాధనాలను అదుపు చేసే చట్టమే అప్పుడు లేదు. 1938లో వచ్చిన కొత్త చట్టం కింద మొట్టమొదట జప్తయిన సరుకుల్లో లాష్ లూర్ ఉంది. మీసానికీ గడ్డానికీ రంగు వేస్తూ పనిలో పనిగా కనుబొమల మీద కూడా ఒక చుట్టు తిప్పేసే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. అది మానుకోవాలి.

క్యాన్సర్ భయం మీద రెండు మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్షురకుల, పార్లర్ ఉద్యోగుల వృత్తిని క్యాన్సర్‌కు దారితీసే అవకాశమున్న వాటిలో చేర్చింది. సొంతానికి రంగు వేసుకునేవారి విషయంలో మాత్రం ఏదీ తేల్చి చెప్పే ఆధారం లేదంది. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం 1,17,200 మంది అమెరికన్ నర్సులను 36 ఏళ్ళపాటు గమనించింది. శాశ్వత రంగులు వాడినవారిలో చాలా రకాల క్యాన్సర్లు పెరగలేదు, ఒక రకం చర్మ క్యాన్సరూ కొన్ని రకాల రొమ్ము, అండాశయ క్యాన్సర్లూ స్వల్పంగా ఎక్కువ కనిపించాయి. ఇంట్లో నెలకోసారి వేసుకునే మనిషి కంటే, రోజూ పదిమంది తలలకు ఉత్త చేతులతో రంగు వేసే పార్లర్ అమ్మాయికి గ్లౌజులూ, గాలి ఆడే గదీ ఎక్కువ అవసరం.

ఇంట్లో పిల్లలుంటే డై డబ్బాను తాళం వేసిన చోట పెట్టాలి. పీపీడీ కడుపులోకి వెళితే గొంతూ మెడా వాచి ఊపిరి అందదు. తర్వాత కండరాలు చితికి, ఆ శిథిలాలు మూత్రపిండాలను మూసేస్తాయి. ఇలా మూత్రపిండాలు దెబ్బతిన్నవారి గురించి హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2007లో వైద్య పత్రికలో రాశారు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఎవరైనా మింగారని తెలిసిన క్షణమే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, శ్వాసకూ డయాలిసిస్‌కూ సదుపాయమున్న ఆసుపత్రికి చేర్చాలి. డబ్బాను కూడా వెంట తీసుకువెళ్ళాలి.

నాలుగు వారాల తర్వాత

వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నాలుగు వారాలకు పాపిడి వెంట తెల్లగీత తేలడం అందుకే. అప్పుడు మొదళ్ళకే రంగు వేస్తే సరిపోతుంది. ప్రతిసారీ కొసల దాకా పూస్తే, ఇదివరకే విప్పుకున్న పొలుసులు మళ్ళీ మళ్ళీ విప్పుకుని జుట్టు గడ్డిలా మారుతుంది.

కొన్నాళ్ళకు రంగు మానేద్దామనుకునేవారికి కూడా ఈ లెక్కే ఆధారం. కురచ క్రాపు ఉన్న మగవారికి మూడు నాలుగు నెలల్లో పాత రంగు కత్తెరకు పోతుంది. భుజాల దాకా జుట్టున్నవారికి రెండేళ్ళ పైనే పడుతుంది. ఈలోగా కొందరు ఛాయను మెల్లగా తేలిక చేసుకుంటూ వస్తారు, కొందరు కొన్ని తలంట్లకు వెలిసిపోయే తాత్కాలిక రంగులతో తేడాను కప్పుకుంటారు, కొందరు జుట్టు కురచ చేయించుకుంటారు. పీపీడీ రంగును పార్లర్‌లో రసాయనాలతో కొంతవరకు దించగలరు. కెరటిన్‌తో బంధం కట్టిన గోరింట రంగు వాటికి సరిగా లొంగదు, ఆ భాగం పెరిగి కత్తెరకు అందేదాకా అలాగే ఉంటుంది. ఆకు దారి పట్టేవారు మొదలుపెట్టే ముందే ఈ సంగతి తెలుసుకోవాలి.